కిటికీ గట్టు మీది నూనె సీసా

"ఆ పాతదాంట్లోనే పోసెయ్ అమ్మాయీ, సీసా ఖాళీ కానివ్వకూడదు," అంది అత్తగారు కొత్త నూనె డబ్బా మూత తీసి కోడలి చేతికిస్తూ.

శుక్రవారం సాయంత్రం. ఆమె పని నుంచి అప్పుడే వచ్చింది. ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు. పొయ్యి పక్కన కిటికీ గట్టు మీద ఉన్న తెల్లగాజు సీసాలో నాలుగు వేళ్ల ఎత్తున ఆలివ్ నూనె మిగిలి ఉంది. ఎండ తగిలి బంగారంలా మెరుస్తోంది. పదేళ్లుగా ఆ సీసా అక్కడే ఉంది. ఆమె పనిచేసే నూనె మిల్లువాళ్లు పనివాళ్లకి ఏటా ఒక డబ్బా ఇస్తారు. డబ్బాలోది పాతదాని మీద పోస్తూ ఉండటమే కానీ, ఆ సీసా ఒక్కసారి ఖాళీ అయిందీ లేదు, ఒక్కసారి కడిగిందీ లేదు.

ఆమె ఉద్యోగమే నూనె వాసన చూడటం. మిల్లు పరీక్ష గదిలో కూర్చుని, నీలం గాజు గిన్నెలో రెండు చెంచాల నూనె పోసి, అరచేతిలో పెట్టుకుని కాస్త వెచ్చబెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకుంటుంది. గిన్నె నీలంగా ఉండేది నూనె రంగు కనపడకూడదనే. రంగు మనిషిని మోసం చేస్తుంది. అప్పుడే కోసిన గడ్డి వాసన వస్తే మంచి నూనె, పిల్లలు వాడే మైనం రంగుల వాసన వస్తే చెడిపోయిన నూనె. పీపాల దగ్గర పనిచేసేవాళ్లు ఆమెను "ముక్కుగారూ" అని పిలుస్తారు, అటు వెక్కిరింతా కాదు, ఇటు గౌరవమూ కాదు అన్నట్టుగా. ఆమె చెప్పింది కాగితం మీద రాసి సంతకం పెట్టేది మాత్రం మేనేజరు. "ఆడవాళ్ల ముక్కు మంచిదేనండీ, జలుబు చెయ్యనంతవరకూ," అని నవ్వుతాడు. జలుబు ఆయనకీ చేస్తుంది. అప్పుడు ఆయన సెలవు పెడతాడు.

అంతటి ముక్కూ ఇంటికొచ్చేసరికి చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోతుంది. "ఈ నూనె పాడైందత్తయ్యా" అని ఎన్నిసార్లు చెప్పిందో. "రంగు చూడవే, ఎంత బాగుందో!" అంటుంది అత్తగారు. "మిల్లులో ఎలాగూ తప్పదు, ఇంట్లోనైనా ఆ ముక్కుకి సెలవివ్వొచ్చుగా," అంటాడు భర్త. ఆయన చెడ్డవాడు కాదు. జోకు వేసి కంచంలోంచి తలెత్తి, ఆమె నవ్విందో లేదో చూసే మనిషి. ఆమె నవ్వేది. నవ్వడం కూడా ఇంటిపనుల్లో ఒకటైపోయింది.

పదిరోజుల క్రితం పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వేరే ఊళ్లో ఆరు వారాల శిక్షణ, చివర పరీక్ష. గట్టెక్కితే ఆమె నూనె నాణ్యత తేల్చే నిపుణుల బృందంలో ఒకర్తె. ఇక మీదట ఆమె రిపోర్టు మీద ఆమె సంతకమే ఉంటుంది. భర్త ఉత్తరం రెండుసార్లు చదివాడు. "చాలా మంచి విషయం. నీ ఇష్టం," అన్నాడు. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, "కానీ అమ్మ ఒక్కతే ఇల్లంతా ఎలా నెట్టుకొస్తుందో ఆలోచించు," అన్నాడు. ఆమె ఆలోచించింది. 'నీ ఇష్టం' తర్వాత ఒక 'కానీ' రావడం, ఆ 'కానీ' దగ్గర తను ఆగిపోవడం ఆమెకి అలవాటే. "రాలేను" అని రాసిన జవాబు ఇప్పుడు ఆమె చేతిసంచిలో ఉంది. రేపు పోస్టు చెయ్యాలి.

ఆ ఉత్తరం బరువో ఏమో, ఇవాళ నూనె పొయ్యబోతున్న చెయ్యి ఆగింది.

"వద్దత్తయ్యా. కొత్తది పోస్తే పాతది బాగుపడదు. పాతదే కొత్తదాన్ని చెడగొడుతుంది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"ఈ సీసా తీసేద్దాం. ముదురు రంగు సీసా ఒకటి కడిగి, చుక్క తడి లేకుండా ఆరబెట్టి, వారానికి సరిపడా అందులో పోసుకుందాం. మిగతాది డబ్బాలోనే గట్టిగా మూతపెట్టి, పొయ్యికి దూరంగా కింది అలమారలో పెడదాం. వెలుగూ వేడీ గాలీ, ఈ మూడూ దీనికి పడవు."

"చీకట్లో పెడితే బాగుందో లేదో నాకెలా తెలుస్తుందే?"

"వాసన చూస్తే తెలీదూ?"

అత్తగారు పొయ్యి గట్టు తుడవసాగింది. ఆమె మాత్రం ఉత్సాహంగా రెండు నల్ల కాఫీ కప్పులు తీసి, ఒకదాంట్లో పాతదీ ఒకదాంట్లో కొత్తదీ పోసింది. "ఏది మంచిదో చెప్పండి చూద్దాం. రంగు కనపడదు, దొంగాట లేదు."

అత్తగారు మొదటి కప్పు పట్టుకుని గట్టిగా పీల్చింది. రెండోదీ పీల్చింది. తర్వాత కప్పులోకి కాకుండా కోడలి మొహంలోకి చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. పరీక్ష గదిలో కొత్తగా చేరినవాళ్లు వాసన పట్టలేనప్పుడు సరిగ్గా ఇలాగే పక్కవాళ్ల మొహం చూస్తారు.

"ఇదే," అంది అత్తగారు. "ఘుమఘుమలాడుతోంది."

అది పాతది. నవ్వబోయిన ఆమె నోరు తెరిచినట్టే ఉండిపోయింది. "ఇంకోసారి చూడండత్తయ్యా," అంది మెల్లగా.

"ఎన్నిసార్లు చూసినా అంతేలే," అంటూ అత్తగారు కప్పు కింద పెట్టి స్టూలు మీద కూర్చుంది. "మన పాప పుట్టిన ఏడాది నాకు జ్వరమొచ్చింది చూడు, దాంతో వాసన పోయింది. మళ్లీ రాలేదు."

పదేళ్లు! ఆమెకి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. కూర దించేముందు "రుచి చూసి చెప్పవే తల్లీ" అని మనవరాల్ని పిలిస్తే, అందరూ అది ముద్దనుకున్నారు. గ్యాసు మీట ముమ్మారు తిప్పి చూసుకుంటే చాదస్తమనుకున్నారు. భర్తయితే "మూడుసార్లమ్మ" అని పేరు కూడా పెట్టాడు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికితే పిచ్చి శుభ్రమన్నారు. ఆ మనిషి చెవులతో, కళ్లతో ఇంటిల్లిపాదికీ వండి పెడుతోంది. పక్కనే నిలబడి గిన్నెలు అందించిన తను, ఊరి నూనెనంతా వాసన చూసే తను, ఏం కనిపెట్టినట్టు?

"ఎవరికీ చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్పి? మీరందరూ పనులకి పోతే నాకున్న కొలువల్లా ఈ వంటిల్లే. వాసన తెలీనిదానికి గరిటె ఎవరిస్తారే? అందుకే ఆ సీసాని ఎండలో పెట్టుకున్నా. రంగు చూసి బతకొచ్చని." కొంగుతో ముక్కు తుడుచుకుని నవ్వింది. "ముక్కుగారి ముందు దొరికిపోయా."

ఆమె అత్తగారి చేతులు పట్టుకుంది. కొత్త నూనె అంటుకుని వేళ్లు జారుతున్నాయి. అయినా వదల్లేదు.

"ఇంతకీ ఆ శిక్షణవాళ్లకి ఏం జవాబిస్తున్నావు?" అంది అత్తగారు.

"రాలేనని రాశాను. మీరొక్కరే..."

"నన్ను అడిగావా? వాడు అడిగాడా? నన్ను అడ్డం పెట్టుకుని వాడు మాట్లాడతాడు, నువ్వు ఆగిపోతావు. నా కొలువు పోతుందని పదేళ్లు దాక్కున్నాను నేను. నీ చేతికొచ్చిన కొలువు నా పేరు చెప్పి వదిలేస్తావా?"

అప్పుడే భర్త వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటి, అత్తాకోడళ్లు కప్పులకి కాపలా కాస్తున్నారు?" అంటూ ఒక కప్పు ఎత్తి వాసన చూశాడు, తర్వాత రెండోది. మొహం చిట్లించాడు. "ఇదేంటి, పాడైపోయినట్టుందే. రోజూ మన కూరల్లో వచ్చే వాసన ఇదేగా! ఆలివ్ నూనంటేనే ఇలా ఉంటుందనుకున్నా."

ఎవరూ నవ్వలేదు.

"కోడలు ఆరు వారాలు వెళ్తోందిరా," అంది అత్తగారు.

"మరి వంట?"

"నువ్వు చేస్తావు. నేను పక్కనుండి చెప్తా. మాడు వాసనొస్తే మాత్రం నువ్వే చెప్పాలి. నాకు వాసన తెలీదు."

"నీకు తెలీకపోవడమేంటమ్మా, ఊరికే..."

"పదేళ్లయింది."

అతను తల్లిని చూశాడు, భార్యని చూశాడు, చేతిలో కప్పుని చూశాడు. "పదేళ్లా? మరి నాకెందుకు తెలీలేదు?" అన్నాడు.

జోకు మర్చిపోయి, జవాబు కోసం భార్య వైపే చూశాడు. మామూలుగా అలాంటప్పుడు ఆమె వెళ్లి ఏదో ఒక మాట చెప్పి సర్దేది. ఈసారి సర్దలేదు. బల్ల దగ్గర కూర్చుని, సంచిలోంచి ఉత్తరం తీసి రెండుగా చింపి, కొత్త కాగితం మీద "వస్తున్నాను" అని రాసింది.

అత్తగారు కొడుకు చేతిలోంచి పాత నూనె కప్పు తీసుకుని సింకులో ఒంపింది. "రోజూ తిన్నావుగా నాయనా," అంది మెల్లగా. "ఎవరు వండుతున్నారో చూడలేదంతే."