మిల్లు గోడ మీద గొడుగు

శుక్రవారం మధ్యాహ్నం బహ్రెయిన్‌లోని సల్మాబాద్ క్యాంపులో అందరూ భోజనాలు ముగించి నడుం వాల్చే వేళ, కన్నబాబు మాత్రం టీవీ ముందు గొంతుక్కూర్చున్నాడు. నడుస్తున్నది మేనకోడలి పెళ్లి క్యాసెట్. అతని కళ్లు పెళ్లికూతురి మీద లేవు. ఊరేగింపు వెనక కదిలిపోతున్న గోడల మీద ఉన్నాయి.

"ఆపు భాయ్, అక్కడ ఆపు."

షంషుద్దీన్ రిమోట్ నొక్కాడు. నిజామాబాద్ మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు, క్యాంపులో వీసీఆర్ ఉన్న ఒకే ఒక్క మహారాజు. "పెండ్లి చూస్తున్నవా, గోడలు చూస్తున్నవా?" అని విసుక్కున్నాడు.

కన్నబాబుకు కావలసింది గోడలే. రెండేళ్ల కాంట్రాక్టు అయిపోయింది. సెలవు మీద ఇంటికి వెళ్తాడో లేదో మర్నాడు పొద్దున్నే ఫోర్‌మన్‌కి చెప్పాలి. ఆ సంగతి ఈ గోడలే తేల్చాలి.

హిద్ రేవులో ఓడల పొట్టలకు రంగు వేసే కన్నబాబు, ఊళ్లో గోడ రాతలు రాసేవాడు. అతని కొత్తలంక నియోజకవర్గానికి తక్కెడ సీటని పేరు. ఒకసారి గొడుగు గుర్తు పైకి లేస్తే మరోసారి గంట గుర్తు. ఎటు ఒరిగినా వందల ఓట్ల తేడానే. ఎన్నికలొస్తే చాలు, ఈతమట్ట కుంచె, తుమ్మజిగురు కలిపిన నీలిమందు, నిచ్చెన మోసే తమ్ముళ్లు, ఏ అరుగు మీద కూర్చుంటే ఆ అరుగు మీదికి గ్లాసుడు టీ. గోడ ఎవరికిచ్చారో చూస్తే ఇంటి ఓటు తెలిసిపోయేది. ఫలితాల మర్నాడు గెలిచినవాళ్లు ఓడినవాళ్ల రాతల మీద సున్నం కొట్టించేవారు. ఎన్ని గోడలు తెల్లబడ్డాయో చూసి, ఊరు నిజంగా ఒరిగిందో, ఊరికే తూలిందో కన్నబాబు చెప్పేసేవాడు.

తొంభై ఆరు ఎన్నికల్లో అతను చెయ్యకూడని పని ఒకటి చేశాడు. గంట పార్టీకి ఊళ్లో పెద్ద దిక్కు భీమేశ్వరరావు. ఆయన రైసుమిల్లు గోడ మీద, సరిగ్గా పోలింగు ముందు రాత్రి, ఏనుగంత గొడుగు వేసేశాడు. తెల్లారి ఊరంతా నవ్వింది. గంట ఓడిపోయింది. గంట మళ్లీ గెలిచిన రోజున వాణ్ణి అదే గోడకు కట్టించి సున్నం కొట్టిస్తానని భీమేశ్వరరావు సంత మధ్యలో శపథం చేశాడు. నెల తిరక్కుండానే కన్నబాబు బహ్రెయిన్ విమానం ఎక్కాడు.

ఇప్పుడు మధ్యంతర ఎన్నికలొచ్చాయి, గంట గెలిచింది. వారం రోజుల పాత పేపర్లో ఆ వార్త చదివి, మేనకోడలి పెళ్లికి వస్తానన్న మాట వెనక్కి తీసుకున్నాడు. అక్క పద్మజ ఫోన్లో ఏడ్చింది. గెలిచింది వందల ఓట్లతోనే కదా, ఊరేం ఒరిగిపోలేదని గదిలో ఉండే అచ్చిబాబు ఎంత చెప్పినా వినలేదు. చివరికి పెళ్లి క్యాసెట్ వచ్చింది. ఫలితాల తర్వాత తీసిన వీడియో, ఊరేగింపు వెళ్లేది మెయిన్ రోడ్డు మీద. అచ్చిబాబుదీ అదే ఊరు కనుక అతనూ పక్కన చేరాడు.

కానీ గోడల మీద ఏమీ లేదు. గొడుగు లేదు, గంట లేదు. బజారు పొడుగునా ఒక్క అక్షరం కూడా లేకుండా తెల్లగా ఉన్నాయి.

"ఇదేంట్రా, ఊరు మూగదైపోయింది," అన్నాడు కన్నబాబు.

ఎన్నికల సంఘం గోడ రాతలు ఇప్పుడు ఒప్పుకోవట్లేదని, రాస్తే కేసులు పెడుతున్నారని అచ్చిబాబు చెప్పాడు. తను మళ్లీ వెళ్లినా ఆ నిచ్చెన, ఆ అరుగులు, ఆ టీ గ్లాసు ఇక ఉండవని కన్నబాబుకు అప్పుడే తెలిసింది. భయం కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఊరేగింపు మిల్లు దగ్గరికి వచ్చింది. ముగ్గురూ ముందుకు వంగారు.

గొడుగు అక్కడే ఉంది.

ఎండకు వెలిసిపోయింది. చుట్టూ మాత్రం కొత్త సున్నం. అంచు వెంట జాగ్రత్తగా కుంచె తిప్పి, గొడుగును వదిలేశారు.

"చూశావా, ఆయనకి కోపం లేదు," అన్నాడు అచ్చిబాబు.

"పగ గూడ గట్లనే దాస్కుంటరు, భాయ్," అన్నాడు షంషుద్దీన్. "మర్చిపోవద్దని."

క్యాసెట్ ముందుకు నడిచింది. అక్షింతలు వేసి పెళ్లి మండపం దిగుతున్న పెద్దాయన కెమెరా ముందు ఆగాడు. తెల్లని పంచె, అదే మీసం. భీమేశ్వరరావు. కన్నబాబు టీవీ ముందు నుంచి వెనక్కి జరిగాడు.

"ఏరా కన్నబాబూ, ఈ క్యాసెట్ నీ దగ్గరికే వస్తుందంట కదా," అన్నాడు టీవీలోంచి. "గెలిచాం. ఏం లాభంరా? బస్సు కండక్టరు నా మిల్లు దగ్గరికొచ్చి 'గొడుగు మిల్లు, గొడుగు మిల్లు' అని కేకేస్తన్నాడు. ధాన్యం తెచ్చేవోళ్లూ అదే పేరు. తుడిపేద్దామంటే, గుర్తు పోతే గిరాకీ పోద్దని గుమస్తా ఏడుపు."

వెనక ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఎలక్షన్లయిపోయాయి, నా గోడ నా ఇష్టం. వచ్చి పక్కన గంట వెయ్యి. దానికన్నా పెద్దది. ఇద్దరు పెయింటర్లని పిలిచాను, ఒకడిది చెంబులా వచ్చింది, ఒకడిది బిందెలా వచ్చింది. నువ్వొస్తేగాని నా పరువు నిలబడదు. రాకపోయావో, అప్పుడు కట్టేయిస్తాను."

ఆయన తప్పుకున్నాడు. వెనక పద్మజ కళ్లొత్తుకుంటూ నవ్వుతోంది.

షంషుద్దీన్ అడక్కుండానే క్యాసెట్ వెనక్కి తిప్పాడు. కన్నబాబు ఆ మాటలు మళ్లీ విన్నాడు. గెలిచినా ఒరగని ఊరు, ఓడినా చెరగని గొడుగు.

"పోతవా?" అన్నాడు షంషుద్దీన్.

"వెళ్తాను," అన్నాడు కన్నబాబు.

మర్నాడు పొద్దున హిద్ వెళ్లే బస్సులో కిటికీ అద్దం మీద దుమ్ము పేరుకుని ఉంది. ఫోర్‌మన్‌కి ఏం చెప్పాలో అనుకుంటూ, కన్నబాబు వేలితో గంట వేశాడు. బాగానే కుదిరింది. ఆ వేలు అక్కడితో ఆగలేదు. గంట పైన గుండ్రంగా ఓ గీత, దాని కింద గొడుగు ఊచలు.

పక్క సీట్లోంచి అచ్చిబాబు చెయ్యి చాపి తుడిచేశాడు.

"అక్కడా ఇదే పని చేశావంటే, మళ్లీ ఇక్కడికే పారిపోయి వస్తావు."