కారుకు మడి

శివశంకర్‌కు భక్తి లేదని ఎవరైనా అంటే ఆయన భార్య శారదమ్మ ఇప్పుడు ఒప్పుకోదు. భక్తి ఉంది, దేవుడే వేరు. ఆ దేవుడు మియాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంటు సెల్లారులో, మూల స్తంభం పక్కన, నాలుగు చక్రాల మీద కొలువై ఉన్నాడు.

మొదట్లో ఆ దేవుడికి దిక్కూ మొక్కూ లేదు. ఆఫీసు పని ఇంటి నుంచే చేసుకోమన్న రోజుల్లో కారును అక్కడ నిలబెట్టిన మనిషి మళ్లీ దాని ముఖం చూడలేదు. దుమ్ము అట్టలు కట్టింది. పైన పోయే పైపు కారి బానెట్ మీద తెల్లటి చారలు దిగాయి. మిగతా అలంకారం పావురాలు చూసుకున్నాయి. గుడికి పోదాం, కారు తీయండి అని శారదమ్మ అడిగినప్పుడల్లా బ్యాటరీ పోయిందనేవాడు. బ్యాటరీ వేయించాలన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు.

మళ్లీ ఆఫీసుకు రమ్మన్నాకే వచ్చింది. తన కింద పనిచేసే కుర్రాళ్ల కార్లన్నీ అక్కడ తళతళలాడుతుంటే, ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆ శనివారమే బ్యాటరీ వేయించి, కారును మాదాపూర్ సందులో పాలిష్ పట్టే షాపుకు తీసుకెళ్లాడు. చూద్దామని శారదమ్మా వెంట వెళ్లింది.

షాపు యజమాని భాస్కర్ డోరు తీసి, ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"సార్, ఇండ్ల ఎవరన్న ఉంటున్నరా?"

సీట్లు ఊడదీస్తే కింద మురుకుల పొడి, బూజు పట్టిన సాక్సు, ఎప్పటిదో తిరుపతి లడ్డూ కవరు బయటపడ్డాయి. కవరులో లడ్డూ లేదు. చీమలు ఎప్పుడో భక్తిగా స్వీకరించాయి. శివశంకర్ ఫోను చూసుకుంటున్నట్టు నటించాడు.

కానీ షాపువాళ్ల పని మాత్రం పనే. మెత్తటి బంకమట్టి లాంటి ముద్దతో రుద్ది పాత మురికి లాగారు. మిషనుతో గీతలన్నీ అరగదీశారు. సీట్లకు ఆవిరి పట్టారు. చివరికి పైన గాజులాంటి పూత పూశారు. మూడో రోజు కారు బయటికి వచ్చినప్పుడు ఆ నల్లటి డోరులో శారదమ్మకు తన ముఖం, నుదుటి బొట్టుతో సహా, ఇంట్లో అద్దంలో కన్నా బాగా కనిపించింది. మనసారా మెచ్చుకుంది.

"వారం దాంక నీళ్లు తగలనియ్యొద్దు సార్," అన్నాడు భాస్కర్. "పూత గట్టిపడాలె. వాన చుక్క పడి ఎండితే మచ్చ నిలుస్తది."

ఆమె మెప్పు మియాపూర్ చేరేదాకా కూడా నిలవలేదు. ఎక్కబోతుంటే చెప్పులు విప్పి సంచిలో పెట్టుకోమన్నాడు మొగుడు. జడలో మల్లెపూలు తీసెయ్యమన్నాడు, సీటుకు మరకవుతుందట. బాగుపడిన బండి కదా, బానెట్ మీద పసుపు కుంకుమ పెడతానంటే ఒంటికాలి మీద లేచాడు.

"పసుపు మరక చస్తే పోదు!"

"పోనీ, నిమ్మకాయ అన్నా కట్టనీండి."

"రసం కారితే పెయింటు తినేస్తుందే!"

ముట్టుకోకూడదు, ఆనుకోకూడదు. దానికో బట్ట, ఆ బట్టకో డబ్బా, ఆ డబ్బాకో మూత. తన మడి చూసి ఇన్నాళ్లూ ఇకిలించిన మనిషేనా ఈయన? తడిబట్ట కట్టుకుంటే పుణ్యం ఎక్కువొస్తుందా అని పొద్దున్నే ఎగతాళి చేసేది ఈయన నోరేనా? కనీసం నేను దేవుడి కోసం చేస్తాను, ఈయన రేకు కోసం చేస్తున్నాడు అనుకుని, ఆమె పూజలో కూర్చుని కూడా నవ్వుకునేది.

ఆ ఆదివారం వాన దంచింది. సెల్లారు వాలు మీదుగా నీళ్లు లోపలికి దిగసాగాయి. శివశంకర్ కాలుగాలిన పిల్లిలా కిందికీ పైకీ తిరిగి, చివరికి వాళ్లింట్లో అంట్లు తోమే మల్లమ్మను పిలిచాడు. గోనెసంచులు అడ్డం వేసి నీళ్లు కారు దగ్గరికి రాకుండా ఆపమన్నాడు.

మల్లమ్మ ఆపింది. రెండో సంచి వేస్తూ వాలు మీద జారి పడింది.

కేక విని శారదమ్మ పరుగెత్తుకొచ్చింది. మల్లమ్మ మడమ అప్పుడే బూరెలా వాచింది. వాలు కింద కాలవ మీదున్న ఇనుప జాలీ కోసుకుని పిక్క నుంచి రక్తం కారుతోంది. లేవబోయి, అమ్మో అంటూ కూలబడింది.

"కారు తీయండి," అంది శారదమ్మ.

"క్యాబ్ చూస్తున్నా కదా."

"ఈ వానకి ఎవడొస్తాడు?"

ఎవడూ రాలేదు. ఒకడు ఒప్పుకుని మరుక్షణం రద్దు చేశాడు. శివశంకర్ ఒకసారి కారును, ఒకసారి మల్లమ్మ బురద కాలును చూశాడు.

"వారం కూడా కాలేదే. నీళ్లు తగిలితే పూత మొత్తం..."

"మనిషి కాలు విరిగి పడుంటే పూత అంటారా? సిగ్గన్నా లేదా మీకు? రేకు ముక్కకు మడి కట్టుకుని మనిషిని దూరం పెడతారా?"

ఆమె గొంతు సెల్లారంతా మోగింది. ఇన్నాళ్లు దాచుకున్న మాట అనేసినందుకు ఒళ్లు తేలికైంది కూడా. అప్పుడు కింద నుంచి మల్లమ్మ, నొప్పికి పళ్లు బిగబట్టి, అంది:

"సారునెందుకు తిడ్తవమ్మా? నీ వంటిల్లు లెక్కనే ఆయన కారు. గడప దాటనియ్యవు. నేను తోమిన గిన్నెల మీద నీళ్లు చల్లుకుంటవు. నేనేమన్న అన్ననా?"

వంటింటి గడప బయటే అంట్లు పెట్టడం, నీళ్లు చల్లి లోపలికి తీసుకోవడం... అది దేవుడి కోసం కదా అనబోయింది శారదమ్మ. ఏ దేవుడు అడిగాడు? ఆ ప్రశ్న ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. పొద్దునా సాయంత్రం దేవుడి ముందు కూర్చునే మనిషి, తనను తానైనా అడగలేదు.

శివశంకర్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండునని శారదమ్మకు అనిపించింది. ఆయన గబగబా డోరు తీసి, సీటు మీద పరవడానికి పేపరు కోసం వెతుకుతున్నాడు.

"పేపరొద్దు," అంది శారదమ్మ. వంగి మల్లమ్మ చంకల కింద చేతులు వేసింది. బురద, రక్తం, చెమట ఆమె చీరకు అంటుకున్నాయి. "ఆ పక్క పట్టుకోండి."

"జర మెల్లగ లేపుండ్రి," అని మూలిగింది మల్లమ్మ. "సారు సీటు మైలవడ్తది, నాకు తెల్వదు మల్ల."

దవాఖానకు పోయేదాకా వాన కారును కొడుతూనే ఉంది. శివశంకర్ ఒక్కసారి కూడా బానెట్ వైపు చూడలేదని చెబితే అబద్ధం. ప్రతి సిగ్నల్ దగ్గరా చూశాడు. కానీ ఆపలేదు.

ఎముక చిట్లిందని కట్టు కట్టారు. మల్లమ్మ లేనన్నాళ్లూ శారదమ్మే అంట్లు తోముకుంది. తను తోమిన గిన్నెల మీద నీళ్లు చల్లుకోవాలా వద్దా అని ఒకరోజు ఆగి ఆలోచించి, తన మీద తనకే చిరాకేసింది.

కట్టు విప్పిన మర్నాడు మల్లమ్మ వచ్చి, అలవాటుగా వంటింటి గడప బయట నిలబడింది.

"లోపలికి రా," అంది శారదమ్మ.

మల్లమ్మ ఆమెను పైకీ కిందికీ చూసింది. "ఏంది, దేవుడు ఊరికి పోయిండా?"

"ఇంట్లోనే ఉన్నాడు. రా."

"కింద కూసోరాదమ్మా నాకు. కాలు మడవొస్తలేదు. కుర్చీ ఉంటెనే వస్త."

శారదమ్మ హాల్లోంచి కుర్చీ తెచ్చి పొయ్యి పక్కన వేసింది. టీ కాచి, తాము తాగే గ్లాసులోనే పోసి ఇచ్చింది. మల్లమ్మ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, గోడ మీద వరసగా ఉన్న దేవుళ్ల పటాల వైపు చూసింది.

"ఇంతమంది ఉన్నరు, చక్కెర తక్కువైందని ఒక్కలన్న చెప్పలే?"