మామగారి టీవీ మోత

మేడమ్ నా ఇంటర్వ్యూ కాగితాలను బల్ల మీదికి గిరాటేసింది. ఇంట్లో ఒకరు టీవీ ఎలా చూస్తారో, ఎందుకు చూస్తారో వాళ్ల నోటే చెప్పించుకు రమ్మని మా మీడియా క్లాసుకిచ్చిన పని అది.

"ఇది ఇంటర్వ్యూనా, పోలీసు విచారణా? మీ మామగారు మాట్లాడింది నాలుగు ముక్కలు. మిగతాదంతా మీ వాగుడే. 'ఆ అరుపుల చర్చలు చూస్తే బుర్ర పాడవుతుంది కదా' అంటే అదొక ప్రశ్నా? అడిగి నోరు మూసుకోండి. ఈసారీ ఇలాగే తెస్తే పరిశోధనా పద్ధతుల పేపరు పోయినట్టే."

ఒళ్లు మండిపోయింది. నాకంటే చిన్నది, నాకు నోరు మూసుకోవడం నేర్పుతుందట. కానీ పేపరు పోతే డిగ్రీ పోతుంది. ఉన్న ఉద్యోగాన్ని పై అధికారి మొహాన కొట్టి అత్తారింట్లో చేరినవాణ్ణి. డిగ్రీ కూడా లేకపోతే మామగారి పంచన పడి తినడం తప్ప నాకు గతి లేదు.

ఆ సాయంత్రం మామగారి ఎదుట రికార్డరు పెట్టాను. ఆయన రోజూ టీవీ చర్చలు గోడలు అదిరేలా పెడతాడు.

"మళ్లీనా? మొన్న చెప్పింది చాల్లేదా?" అన్నాడు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

"ఇదే చివరిసారి మామయ్యా. చర్చలు అంత గట్టిగా ఎందుకు పెట్టుకుంటారు?"

"నీ గొంతు వినపడకుండా."

బూతు నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను. టీవీలో నలుగురు ఒకరి మీద ఒకరు పడి అరుస్తున్నారు. ముసలాయన కయ్యానికి కాలు దువ్వుతూ నా జవాబు కోసం చూశాడు. ఎంతసేపటికీ నేను పలకకపోయేసరికి ఆయనే రిమోటు అందుకుని సౌండు తగ్గించాడు.

"ఆ చర్చల్లో ఎవడేం కూస్తాడో నాకెప్పుడూ పట్టలేదయ్యా. పొద్దస్తమానం నువ్వు నా కూతురి మీద నోరు పారేసుకుంటావు. అదెళ్లి వంటింట్లో ఏడుస్తుంది. విన్నానంటే నిన్ను మెడపట్టి గెంటాలి. గెంటితే అదీ నీ వెంటే పోతుంది. అందుకని వినను."

రికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇది పట్టుకెళ్లి ఇస్తే మేడమ్ కళ్లు మూసుకుని పాస్ చేస్తుంది. నాకు తల కొట్టేసినట్టయింది. రికార్డయిందంతా చెరిపేశాను.

"ఇంకేమైనా అడుగుతావా?" అన్నాడు.

లేదని చెప్పి వంటింటివైపు నడిచాను. మా ఆవిడ సింకు దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. నా అడుగుల చప్పుడు వినగానే కొళాయి హోరుమనేలా పూర్తిగా తిప్పింది.