తలుపు తీస్తే ఆగాలి

నాచారంలో గంగాధరరావు గారి షెడ్డుకు ఐదు వేల వోల్టుల పవర్ సప్లయి యంత్రం వచ్చింది 1989లో. ఉప్పల్‌లోని ఒక లాబొరేటరీ కోసం చేసే పింగాణీ ఇన్సులేటర్లను దాంతో పరీక్షించాలి. ఆ పని సూర్యకళది. పెద్ద కరెంటు కాబట్టి చుట్టూ జాలీ పంజరం కట్టించి, తలుపుకు ఒక స్విచ్చి బిగించారు. తలుపు తెరిస్తే సప్లయి దానంతటదే ఆగిపోవాలి. ఆ వైరింగు షెడ్డు ఎలక్ట్రీషియన్ మురళీధర్ చేశాడు.

ప్రారంభం నాడు కొబ్బరికాయ కొట్టి సప్లయి ఆన్ చేశారు. తలుపు తీస్తే ఆగుతుందో లేదో ఒకసారి చూద్దామని మురళీధర్ నసిగితే, ముహూర్తం వేళ ఆపడమేమిటని గంగాధరరావు గారు కసురుకున్నారు. మనిషి వెన్నే గానీ, ముహూర్తం దగ్గర మొండిఘటం. తలుపు తీసి, లోపల ఇన్సులేటరు పక్కన ఒక బంతిపువ్వు పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. వెనక నిలబడ్డ సూర్యకళకు అగరుబత్తి పొగలోంచి వోల్టులు చూపే మీటరు కనిపించింది. తలుపు తెరిచి ఉన్నా ముల్లు పడిపోలేదు. లేక పడిందా? అంతలో ఎవరో ప్రసాదానికి అడ్డం వచ్చారు.

సాయంత్రం ఇంటికి ఘట్‌కేసర్ బస్సెక్కాక కూడా ఆమెకు ఆ ముల్లే కళ్ళముందు మెదిలింది. భయమేసింది. రేపటినుంచి ఆ పంజరంలోకి రోజంతా వెళ్ళి వచ్చేవి తన చేతులే.

మర్నాడు పని మొదలుపెట్టమంటే ఆమె కదల్లేదు.

"ముందుగాల తలుపు తీసి ముల్లు సూద్దాం సార్. అది సున్నకొస్తెనే నేను చెయ్యి పెడత."

మంచి పనికి అడ్డుపుల్ల వేస్తోందని ఆయన ముఖం మాడ్చుకున్నారు. అంతా దేవుడు చూసుకుంటాడన్నారు. గాల్లో దీపం పెట్టి దేవుడా నీ మహిమ అంటే దేవుడు మాత్రం ఏం చేస్తాడు పాపం! సూర్యకళ చేతులు కట్టుకుని నిలబడింది. చివరికి ఆయనే విసుగ్గా సప్లయి ఆన్ చేయించారు. మురళీధర్ ఎండు కర్రతో తలుపు లాగాడు. తలుపు బార్లా తెరుచుకుంది. ముల్లు ఉన్నచోటే ఉంది.

మెయిన్ ఆపి సప్లయి యంత్రం వెనకవైపు చూశారు. అక్కడ రెండు బోల్టులున్నాయి. వాటి మధ్య దారి తెగితే సప్లయి ఆగుతుంది. తలుపు స్విచ్చి వైర్లు సరిగ్గా వాటికే బిగించి ఉన్నాయి. కానీ ఆ రెంటినీ కలుపుతూ కంపెనీ వేసి పంపిన రాగి పట్టీ కూడా అలాగే ఉంది. తలుపు తెరిచినా పట్టీ మీదుగా దారి తెగనే లేదు.

"కంపెనోళ్ళు ఏసింది గద అక్కా, తీస్తే పాడైతదేమో అనుకున్న," అన్నాడు మురళీధర్.

పట్టీ తీసేసి మళ్ళీ చూశారు. తలుపు తెరవగానే ముల్లు సున్నకు వాలింది. సూర్యకళ మనసు కుదుటపడింది.

గంగాధరరావు గారు మాత్రం మీటరు చూడటం లేదు. నిన్న తన చేత్తో పెట్టిన బంతిపువ్వు లోపల వాడిపోయి ఉంది. దానికీ కరెంటు తీగకూ మధ్య బెత్తెడు ఎడం కూడా లేదు. ఆయన తన కుడిచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుని, స్టూలు మీద కూర్చుండిపోయారు.

"రోజూ పొద్దున్నే ముందు తలుపు తీసి చూద్దామమ్మా," అన్నారు. "అగరుబత్తి ఆ తర్వాత వెలిగిద్దాం."

సూర్యకళ మీటరు మరోసారి చూసింది. పంజరంలోకి చెయ్యి పెట్టి, ఆ పువ్వు తీసి ఆయన చేతికిచ్చింది.