తుస్సుమన్న తూటా

నేను ఒక రెండు గొట్టాల తుపాకీని. నడుము దగ్గర విరిచి తెరిస్తే నా వెనకవైపు రెండు గదులు కనిపిస్తాయి. ఒక్కోదానిలో ఒక్కో తూటా పడుతుంది. మూస్తే 'టక్' అని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కుదరడానికి బర్మింగ్‌హామ్‌లో ఒక ముసలి పనివాడు పదకొండు రోజులు నాతో కుస్తీ పట్టాడు. దీపం మసి పూసి మూయడం, తెరిచి ఉక్కు ఎక్కడ ఒరుసుకుందో చూడడం, అక్కడ వెంట్రుకంత అరగదీయడం, మళ్లీ మసి పూయడం. ఇంత ఓపికతో చేసిన వస్తువును మనుషులు రెప్పపాటు కూడా వాడరు. వేలు కదిలితే అయిపోయె.

ఓడలో మద్రాసు చేరాను. అక్కడి దుకాణంలో నన్ను కొన్నది వరంగల్లు దిక్కు భూస్వామి జగపతిరావు దొర. ఆయన నన్ను మొదటిసారి ఒక పెద్ద చెరువు గట్టుకు తీసుకెళ్లిన తెల్లవారుజాము ఇంకా మరిచిపోలేదు. పొగమంచు విచ్చుకోగానే వేల బాతులు ఒక్కసారి నీళ్ల మీంచి లేచాయి. రెక్కల మోతకు గాలి అదిరింది. దొర నన్ను భుజానికి ఎత్తి కూడా పేల్చడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు. ఆ రోజు మేమిద్దరం ఒట్టి చేతులతో ఇల్లు చేరాం.

తర్వాత పేల్చాడు, చాలానే పేల్చాడు. గురి మంచిదే. గురి మంచిదైతే చాలనుకోవడమే ఆయన పొరపాటు.

ఒక చలికాలం జొన్నచేల దగ్గర కౌజుపిట్టల వేటకు కొడుకు మురహరిని వెంట తెచ్చాడు. ఇరవై రెండేళ్ల మురహరికి అది మొదటి వేట. ఎక్కడ నిలబడాలో, నిలబడ్డచోటు నుంచి ఎందుకు కదలకూడదో అతనికి ఎవరూ చెప్పలేదు. పిట్ట లేచింది. నేలకు తాకుతున్నట్టు తక్కువ ఎత్తులో ఎడమకు తిరిగింది. దొర దాని వెంటే నన్ను తిప్పుతూ పోయాడు. తంగేడు పొద వెనక మురహరి ఉన్నాడు. నన్ను ఎటు తిప్పితే అటే చూస్తాను. ఎవరిని చూస్తున్నానో తెలుసుకునే పని నాది కాదు, నన్ను పట్టుకున్నవాడిది. మురహరి ఎడమకన్ను పోయింది.

దొర మళ్లీ నన్ను ముట్టుకోలేదు. నాలుగైదేళ్లకు దేశంలో వేటే చట్టవిరుద్ధమైంది. ఆయన పోయాక లైసెన్సు మురహరిరావు పేరుకు మారింది. అమ్మేయమని బంధువులు ఎంత చెప్పినా వినలేదు. ఇంకో ఇంట్లో ఇంకొకరి కన్ను పోతే ఆ పాపం ఎవరిదని అడిగేవాడు. అలా ఇనప్పెట్టెలో పడి ఉన్నాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా జీతగాడి చేత పోలీసు స్టేషనులో జమచేయించేవాడు. అక్కడ గోడకు వరసగా చేరేసిన ముసలి తుపాకులన్నిటితో పాటు నేనూ ప్రజాస్వామ్యానికి నా వంతు సేవ చేశాను.

నన్ను బయటికి తీసింది ఆయన కూతురు మృదుల. హనుమకొండలో పళ్ల డాక్టరు. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, ఎగిరే మట్టిబిళ్లలను కొట్టే ఆట నేర్చుకుంటానంది. ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా తినలేదు.

"అది నా కన్ను తిన్నది బిడ్డా. దాన్ని నువ్వు భుజాన పెడ్తవా? నేనెట్ల చూడాలె?" అన్నాడు మురహరిరావు.

"గింత భయమున్న వస్తువు ఇంట్ల పెట్టుకొని, దాన్ని ఎట్ల పట్టుకోవాల్నో ఒక్కలకు తెల్వకపోవుడే నాకు భయం, బాపూ," అంది మృదుల.

మూడో రోజు ఆయన కాగితాల మీద సంతకం పెట్టాడు.

లైసెన్సు ఆమె పేరు మీదికి వచ్చాక నన్ను ముందు హైదరాబాదులో తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన నా గొట్టాల మందం కొలిచి, గదుల పొడవు కొలిచి, పొట్టి తూటాలే, అవీ తక్కువ మందువే వాడాలని చీటీ మీద రాసిచ్చాడు. నన్నూ ఒక వైద్యుడు చూశాడన్నమాట.

ఊరి బయట షూటింగ్ రేంజిలో నేర్పేవాడు దేవదానం. సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవాడు, బాపట్ల మనిషి. తూటాలు తెచ్చావా అని ఆయన అడగనే లేదు. మొదటి రోజంతా నన్ను తెరవడం, చూడడం, తెరిచిన నన్ను చేతిమీద మోస్తూ నడవడం, అంతే.

"ఖాళీగా ఉందని ఎవరన్నా చెప్తే నమ్మకండమ్మా. నేను చెప్పినా నమ్మొద్దు. విరిచి మీ కళ్లతో చూసుకోండి," అన్నాడు.

గొట్టాలు ఎప్పుడూ ముందుకో నేలకో ఉండాలన్నాడు. కొట్టే క్షణం వరకు వేలు మీటను తాకకూడదన్నాడు. తూటా సరిగా పేలకపోతే మందు ఆలస్యంగా అంటుకోవచ్చని, గొట్టాలు ముందుకే ఉంచి ముప్ఫై లెక్కపెట్టాకే తెరిచి చూడాలన్నాడు. కళ్లద్దాలు, చెవులకు మూతలు లేనిదే గీత దాటనివ్వలేదు. వేట సంగతి ఆమె అడిగితే, మన దగ్గర అది నేరమని, అనుమతి ఉన్న దేశాల్లోనూ పిట్ట వెనక ఆకాశం కనబడితేనే కొట్టాలని, నేలబారుగా పోయేదాన్ని వదిలేయాలని చెప్పాడు. ఇంత చిన్న మాట యాభై ఏళ్ల కిందట ఆ జొన్నచేలో ఎవరికీ తెలియలేదు.

ఆరో రోజు తూటా పెట్టనిచ్చాడు. బిళ్లను వదలమనే సంకేతంగా "పుల్" అని ఆమె అనగానే నారింజరంగు బిళ్ల గాలిలోకి దూసుకుపోయింది. పదకొండు బిళ్లలు క్షేమంగా నేలకు చేరాయి. మీట నొక్కే క్షణంలో ఆమె నన్ను ఆపేస్తోందని, నొక్కాక కూడా బిళ్ల వెంట తిప్పుతూనే ఉండాలని దేవదానం చెప్పాడు. పన్నెండోది లోపలి నలుపంతా పొడై నీలాకాశంలో విచ్చుకుంది. ఈకల్లేవు, రక్తం లేదు, చిన్న మబ్బు మాత్రం. పుట్టి ఇన్నేళ్లయినా ఇలాంటి పనికి పనికొస్తానని నాకు తెలియదు. ఆమె నోరు తెరుచుకుని అలాగే చూస్తుండిపోయింది. నేనూ అంతే.

మూడు నెలలకు పరీక్ష పెట్టారు. ఇరవై అయిదు బిళ్లల్లో పదిహేను కొడితే శిక్షకుడు పక్కన లేకుండా ఆడనిస్తారు. మురహరిరావు వస్తానన్నాడు. ఎందుకో చెప్పలేదు. వెనక వరసలో కుర్చీ వేసుకుని, చెవులకు మూతలు పెట్టుకుని పొద్దున్నుంచీ కూర్చున్నాడు.

ఇరవై రెండు బిళ్లలయ్యేసరికి పద్నాలుగు విరిగాయి. ఇంకొక్కటి చాలు. ఆమె "పుల్" అంది, కుడిగొట్టం మీట నొక్కింది.

తుస్సుమంది.

భుజానికి తన్ను తగల్లేదు. పొగ రాలేదు. బిళ్ల తన దారిన తాను పోయింది. తూటాలో మందు సరిగా అంటుకోలేదు. సీసపు గుళ్లూ, వాటి వెనకుండే అడ్డుబిళ్లా నా కుడిగొట్టం మధ్యకు వచ్చి ఇరుక్కుపోయాయి. ఇంకో తూటా పెట్టి పేలిస్తే ఆ గొట్టం అక్కడే చీలుతుంది. సరిగ్గా అక్కడే ఆమె ఎడమచెయ్యి ఉంది. నాకు తెలుసు. చెప్పలేను. ఉన్న రెండు నోళ్లలో ఒకటి మూసుకుపోయింది.

పక్కన తర్వాతి వాళ్లు వరసలో ఉన్నారు. తూటా పాడైంది, ఇంకోటి పెట్టండి మేడమ్ అని వెనకనుంచి ఎవరో అన్నారు. చేతికందే దూరంలో డబ్బా ఉంది. వెనక తండ్రి ఉన్నాడు. నేను చూసిన మనుషులందరూ ఆ స్థితిలో తొందరపడినవాళ్లే.

మృదుల వేలు మీట మీంచి తీసింది. గొట్టాలు ముందుకే ఉంచి కదలకుండా నిలబడి పెదవులతో లెక్కపెట్టింది. ముప్ఫై. అప్పుడు నన్ను తెరిచి రెండు తూటాలూ తీసేసి దేవదానాన్ని పిలిచింది.

ఆయన వెనకనుంచి నాలోకి చూశాడు. ఎడమదాంట్లో వెలుతురు, కుడిదాంట్లో చీకటి. కడ్డీతో నెట్టగానే అడ్డుబిళ్లా గుళ్లూ గలగలమని గడ్డిలో రాలాయి. దేవదానం చెమట తుడుచుకున్నాడు.

"తుస్సుమంటే ఆగమని నలభై ఏళ్లుగా చెప్తున్నానమ్మా. నిజంగా ఆగినవాళ్లని ఇద్దర్నో ముగ్గుర్నో చూశాను," అన్నాడు.

ఆ డబ్బా మొత్తం పక్కన పెట్టించాడు. నన్ను మళ్లీ పరీక్షించేదాకా పేల్చకూడదన్నాడు. రేంజివాళ్లు తమ తుపాకీ ఒకటి ఇస్తాం, మిగిలినవి కొట్టండన్నారు. తన చేతులు వణుకుతున్నాయని, వణికే చేతులతో కొట్టనని మృదుల చెప్పింది. బోర్డు మీద పద్నాలుగు అలాగే ఉండిపోయింది.

మురహరిరావు కుర్చీలోంచి లేచి వచ్చాడు. ఒకసారి ఇటివ్వమని చెయ్యి చాపాడు. దేవదానం నన్ను తెరిచి అందించాడు. కన్ను పోయిన యాభై ఏళ్లకు, మొదటిసారి ఆయన వేళ్లు నన్ను తాకాయి. నన్ను పైకెత్తి, ఉన్న ఒక్క కన్నూ ఆనించి నా రెండు గొట్టాల్లోనూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం కనబడ్తుంది, బాపూ?"

"అటుదిక్కు దాంక సాఫ్‌గ ఉన్నది, బిడ్డా."

తర్వాత నన్ను మూయకుండా, తెరిచినట్టే, గొట్టాలు నేలవైపు ఉంచి కూతురి చేతికిచ్చాడు. అలా ఇవ్వాలని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పొద్దున్నుంచీ ఆ కుర్చీలో కూర్చుని ఆమెను చూశాడు, అంతే.