నాకు ఒక శత్రువు కావలెను

నాకు ఓటు వెయ్యనివాళ్లు మా శాఖలో ఒక్కరూ లేరు. అయినా నేను ఓడిపోయాను. ఇదెలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

మట్టి శాస్త్రం శాఖలో ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. శాఖలో నల్లజాతి మనిషిని నేనొక్కదాన్నే. మా పద్ధతి ప్రకారం ఆరో ఏట సీనియర్ ప్రొఫెసర్లంతా తలుపులు మూసుకుని రహస్యంగా ఓటు వేస్తారు. గెలిస్తే ఉద్యోగం ఖాయం, ఇక చచ్చేదాకా ఎవరూ కదిలించలేరు. ఓడితే మరో ఏడాది పాఠాలు చెప్పి మూటాముల్లె సర్దుకోవాలి. మిసిసిపీ నుంచి నేను మోసుకొచ్చిన మట్టి సీసాలు, నా ల్యాబు, నన్ను నమ్ముకుని చేరిన విద్యార్థులు, అన్నీ ఆ ఒక్క ఓటు మీదే ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం శాఖాధ్యక్షుడు గారెట్ లిండ్‌క్విస్ట్ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆయన తలుపు వెయ్యడం చూసేసరికే నాకు సంగతి తెలిసిపోయింది.

"కూర్చో, ఒడెల్లా."

"కూర్చునే ఉన్నానండీ."

"అవును కదూ." ఆయన మాత్రం నిలబడే కిటికీలోని సీసాల వంక చూశారు. "ఓటు మనకి కలిసిరాలేదమ్మా. నీ పరిశోధన గట్టిదేనని అందరూ ఒప్పుకున్నారు. కాకపోతే తక్కువగా ఉందన్నారు. ఇంకో రెండు మూడు వ్యాసాలుంటే ఢోకా ఉండేది కాదు."

"ఎవరన్నారు?"

"అది చెప్పకూడదుగా, రహస్య ఓటు. నా మటుకు నేను నీకే వేశాను. అదొక్కటి గుర్తుపెట్టుకో."

సోమవారం నుంచి వంటకాలు రావడం మొదలైంది. మా వాళ్లలో ఎవరైనా పోతే ఆ ఇంటికి వండి పట్టుకెళ్తాం. గిన్నె తిరిగి ఇచ్చేయడానికి వీలుగా అడుగున పేరు రాసిన టేపు అంటిస్తాం. నాకు బతికుండగానే వచ్చాయి. ఒకాయన గుమ్మడికాయ రొట్టె, ఒకావిడ టూనా చేప కూర. అందరిదీ ఒకటే మాట. గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, "నేను నీకే వేశాను" అనడం, వెళ్లిపోవడం.

ముసలి పెట్రీ కూడా వచ్చాడు. లైబ్రరీలో డెల్ఫీన్ అని ఇంకో నల్లావిడ పనిచేస్తుంది. నాకన్నా జానెడు పొడుగు, కళ్లజోడు కూడా ఉంది. పెట్రీకి మాత్రం ఆవిడా నేనూ ఒకటే. బీట్‌రూట్ పచ్చడి సీసా నా బల్ల మీద పెట్టి, "ధైర్యంగా ఉండు. నేను నీకే వేశాను, డెల్ఫీన్" అన్నాడు.

చివర్లో మొరీన్ డాబిన్స్ వచ్చింది. మాది పక్కపక్క గదులు. మా అమ్మకి ఆపరేషన్ జరిగిన రోజు ఆస్పత్రి బెంచీ మీద నా చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి. పీచ్ పళ్లతో కాల్చిన కాబ్లర్ అనే తీపి వంటకం వేడివేడిగా తెచ్చి, నన్ను కావలించుకుని భోరుమని ఏడ్చింది. తనని ఓదార్చలేక నా ప్రాణం మీదికొచ్చింది.

"నీకు కాకపోతే ఎవరికి వేస్తానే!" అంది ముక్కు చీదుతూ.

సాయంత్రం ఆ కాబ్లర్ పట్టుకుని హిమెనా దగ్గరికి వెళ్లాను. హిమెనా ఉర్రూటియా ఎల్ పాసో నుంచి వచ్చిన లాటినో పిల్ల, రసాయన శాస్త్రంలో నాలాగే ఒంటికాయ. విశ్వవిద్యాలయం రూల్సన్నీ దానికి కంఠతా వచ్చు.

"అందరూ నీకే వేశారా?" అంది గిన్నెలోంచే తింటూ. "అయితే నువ్వే నీకు వ్యతిరేకంగా వేసుకుని ఉంటావక్కా."

"నాకు ఓటెక్కడిదే?"

"అయితే నువ్వొక్కదానివే నిర్దోషివి."

నవ్వాను గానీ నాకు మా ఊరు గుర్తొచ్చింది. మా అమ్మమ్మకి తన శత్రువెవరో తెలుసు. పక్క పొలంలోనే ఉండేవాడు, గేటు మీద పేరు కూడా ఉండేది. వాణ్ణి చూస్తే రోడ్డుకి అటువైపు నడవాలని ఆవిడ మాకు నేర్పింది. రొట్టెలు కాల్చుకొచ్చి కన్నీళ్లు పెట్టుకునేవాళ్ల ముందు ఎటువైపు నడవాలో ఎవరూ నేర్పలేదు. ఒక్కరు మొహం మీద తిట్టినా ఎంత హాయిగా ఉండేది! అప్పుడు కనీసం నాకు పిచ్చి ఎక్కలేదని తెలిసేది.

"వ్యాసాలు తక్కువట," అన్నాను.

"ఎందుకు తక్కువో అడగలేదా?"

అడగక్కర్లేదు. ప్రతి సెప్టెంబరులో శాఖ సమావేశం జరుగుతుంది. వైవిధ్య కమిటీకి ఎవరో ఒకరు వెళ్లాలంటారు. అందరి తలలూ నా వైపు తిరుగుతాయి. ఆ కమిటీ పనేమిటంటే, నల్లవాళ్లూ లాటినోలూ ఈ ఉద్యోగాలు వదిలి ఎందుకు వెళ్లిపోతున్నారో కనిపెట్టడం. తర్వాత ప్రవేశాల కమిటీ, ఆ తర్వాత విశ్వవిద్యాలయం కరపత్రం మీదికి నా ఫోటో. ఇక నల్ల పిల్లలు ఏ శాఖవాళ్లైనా సరే, ఏడవాలంటే నా గదికే వస్తారు. వాళ్లని పొమ్మనడానికి నాకు నోరు రాదు. ఇవన్నీ అయ్యాక మిగిలిన పొద్దులో మట్టి గురించి రాశాను.

హిమెనా చెంచా పక్కన పెట్టింది. "ఒక దారుందక్కా. నీ ఫైలు డీన్ దగ్గరికి వెళ్లేలోపు మళ్లీ ఓటు పెట్టించొచ్చు. కాకపోతే ఆ మాట అడిగే హక్కు ఓటు నెగ్గిన పక్షానికే ఉంది."

"అంటే?"

"అంటే నీకు వ్యతిరేకంగా వేసినవాళ్లే లేచి, 'నేను వద్దని వేశాను, మళ్లీ పెడదాం' అనాలి. నీకు వేసినవాళ్లు అడిగితే చెల్లదు."

నా ఉద్యోగం నిలబడాలంటే ఇప్పుడు నాకు ఒక శత్రువు కావాలి. చూస్తే చుట్టూ అందరూ మిత్రులే!

గురువారమే శాఖ సమావేశం. ఈలోగా శత్రువు కోసం ఊరంతా వెతికినంత పని చేశాను. మొదట పెట్రీ దగ్గరికే వెళ్లాను.

"నిజం చెప్పండి. నాకు వ్యతిరేకంగా వేశారు కదూ? అలా అయితే మీ మేలు మర్చిపోను."

ఆయన మొహం తాను తెచ్చిన బీట్‌రూట్ రంగుకి తిరిగింది. "నన్ను జాతి ద్వేషినంటావా! ఆ రోజుల్లో మీ హక్కుల కోసం మీవాళ్లతో కలిసి ఊరేగింపులో నడిచినవాణ్ణి నేను!"

"అయ్యో, అది కాదండీ. వేశానంటే సంతోషిస్తాను."

"బయటికి నడు," అన్నాడు. ఈసారి పేరు కూడా పెట్టి పిలవలేదు.

ఎవరిని అడిగినా ఇదే వరస. టూనా కూర తెచ్చినావిడ నొచ్చుకుని, తన పెరట్లో పాతిన జాతి సమానత్వపు బోర్డు ఫోటో తీసి చూపించింది. అబద్ధమాడుతున్నది ఎవరో, నిజం చెబుతున్నది ఎవరో వాళ్ల మొహాల్లో ఎంత వెతికినా నాకు కనపడలేదు. ఇంతమందీ నిజమే చెబుతున్నారేమో, లెక్కపెట్టినవాళ్లే పొరపడ్డారేమో అని కూడా ఒక క్షణం అనిపించింది.

బుధవారం కాఫీ గదిలో మొరీన్‌కి ఈ రూలు సంగతి చెప్పాను. "ఒక్కరు లేచి 'నేనే' అంటే చాలే. నా బతుకు నిలబడుతుంది."

ఆమె కప్పు కడుగుతూ, కడిగిందే కడుగుతూ, "అలా లేచినవాళ్ల మొహం మళ్లీ చూస్తావా నువ్వు?" అంది.

"మొహం చూడ్డమేమిటి, ముద్దే పెట్టుకుంటాను," అన్నాను.

గురువారం నాకు కాలు నిలవలేదు. కాబ్లర్ గిన్నె కడిగి, మొరీన్‌కి ఇచ్చేద్దామని సమావేశానికి పట్టుకెళ్లాను. నేను అడగ్గా గారెట్ ఆ రూలు చదివి వినిపించారు. "వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో ఎవరైనా మళ్లీ ఓటు కోరుతున్నారా?"

పెట్రీ పైకప్పు వంక చూస్తున్నాడు. నేను ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాను. నాకు వంటకాలు తెచ్చిన చేతులన్నీ ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి.

గారెట్ కాగితం తిప్పబోతుండగా నా పక్కనున్న చెయ్యి లేచింది.

"నేను," అంది మొరీన్. "నేను వద్దని వేశాను. మళ్లీ పెట్టండి."

నేను గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆమె వైపు తిరిగాను. "నువ్వా?"

"వ్యాసాలు తక్కువున్నాయని..." ఆమె నా వైపు చూడలేదు. "రూలు అందరికీ ఒకటే కదా అనుకున్నాను. మిగతావాళ్లంతా నీకే వేస్తారు, నా ఒక్క ఓటుతో నీకొచ్చే నష్టం లేదనుకున్నాను ఒడెల్లా."

"ఆ వ్యాసాలు రాయాల్సిన టైములో నేనెక్కడున్నాను?"

"కమిటీల్లో."

"ప్రతి ఏడూ నా పేరు చెప్పిందెవరు?"

"నీకన్నా తగినవాళ్లు ఎవరున్నారనుకున్నాను," అంది చాలా చిన్న గొంతుతో. అది నిజమేనని, ఆమె నిజంగానే అలా అనుకుందని నాకు తెలుసు. అందుకే ఒళ్లు మండిపోయింది.

"బలపరిచేవారు?" అన్నారు గారెట్. బలపరచడానికి ఎవరైనా పనికొస్తారు. గదిలో చేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. పెట్రీవి రెండు చేతులు.

నన్ను బయటికి పంపి తలుపు వేశారు. నడవాలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అడుగున టేపు మీద మొరీన్ పేరుంది. నన్ను ముంచినవాళ్లలో నిజం ఒప్పుకున్నది తనొక్కతే, నన్ను తేల్చిందీ తనే. మిగతావాళ్లెవరో ఎప్పటికీ తెలియదు. ముద్దు పెట్టుకుంటానని మాటిచ్చాను. గిన్నె నేలకేసి కొట్టాలనీ ఉంది. రెండిట్లో ఏది చెయ్యాలో తేల్చుకోలేక అలాగే నిలబడి ఏడ్చాను.

తలుపు తెరుచుకుంది. గారెట్ మొహం వెలిగిపోతోంది. "గెలిచావమ్మా! ఒక్కటి కూడా వ్యతిరేకంగా పడలేదు!"

"పోయినసారీ ఒక్కరూ వెయ్యలేదుగా," అన్నాను.

ఆయనకి ఎక్కలేదు. నా భుజం తట్టి, జేబులోంచి పెన్ను తీశారు. "ఇక నీకు భయం లేదు. వచ్చే ఏడు వైవిధ్య కమిటీకి నీ పేరే పంపుతున్నా, సరేనా? నీకన్నా తగినవాళ్లెవరున్నారు?"

"మొరీన్ పేరు రాయండి."

"మొరీనా?" ఆయన నవ్వారు. "ఆ కమిటీలో మొరీన్ ఏం చేస్తుంది?"

"చెయ్యెత్తుతుంది. ఈ భవనంలో అది చేతనైంది ఆవిడొక్కదానికే."

ఆయన నవ్వుతూనే నా పేరు రాయబోయారు. నేను పెన్ను లాక్కున్నాను.