వంకర బహువచనాలు

నాకు కోపం ఎక్కువ. నలభై మంది పిల్లలున్న బడికి ఒక్కడినే పంతుల్ని కాబట్టి ఆ కోపాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. 1958లో ఆ కోపం ఇంగ్లీషు మీదికి మళ్లింది. ఇంగ్లీషు మాత్రం నాకు ఏమాత్రం జడవలేదు.

నేను చదివిందంతా ఉర్దూలో. రాష్ట్రం మారింది, దఫ్తర్ల భాష మారింది. మాలాంటి పాత పంతుళ్లందరూ ఇంగ్లీషు పరీక్ష పాస్ కావాలని కాగితం వచ్చింది. మూడుసార్లు తప్పితే నౌకరీ ఉండదు. అప్పటికి రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ నా కొంప ముంచింది బహువచనాలే. చివర ఒక ‘స్’ తగిలిస్తే సరిపోతుందనుకుని ఫుట్స్, టూత్స్, చైల్డ్స్ అని ధైర్యంగా రాసి వచ్చాను.

మా ఊరు బోథ్‌కు నాలుగు మైళ్లు. బడి ఊడ్చేది ప్రేమమ్మ. ఆమె పెనిమిటి యేసుదాసు జిన్నింగ్ మిల్లులో పత్తి మోసేవాడు. ఒక సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక నేను “మౌస్, మౌసెస్” అని గొంతు చించుకుని బట్టీ పడుతుంటే బయట చీపురు చప్పుడు ఆగింది.

“మైస్ సార్” అంది ప్రేమమ్మ.

“ఏంది?”

“ఒక్కటైతే మౌస్. రెండయితే మైస్. మౌసెస్ అనరు.”

పుస్తకం చివరి పేజీలో చూశాను. ఆమె చెప్పిందే నిజం. నాకు ఒళ్లు మండింది. నీకెట్ల తెలుసని గద్దించాను. కరీంనగర్ మిషన్ బోర్డింగులో ఏడో తరగతి దాకా చదివిందట. పెళ్లయ్యేదాకా అక్కడి తెల్లదొరసాని మిస్సమ్మ బంగళాలో పని చేసిందట. నాలుగేళ్లుగా నా బడి ఊడుస్తున్నా నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

“మీకు నేను చెప్త సార్” అంది. “మీరు పాసయినంక ఇన్‌స్పెక్టర్ సారుకు నా గురించి ఒక్క మాట చెప్పుండ్రి. గీ బడికి రెండో పంతులు కావాలంటున్నరు గద. నాకు సర్టిఫికెట్ ఉన్నది. మీ సిఫారసు ఉంటె చాలట.”

“తప్పకుంట చెప్త” అన్నాను. దేవుడి మీద ఒట్టు కూడా వేశాను.

మర్నాటి నుంచి పాఠం మొదలైంది. నేను లోపల కుర్చీలో, ఆమె బయట మెట్టు కింద నిలబడి. ఊరి కట్టుబాటు అది. ఆమె కులం వాళ్లు ఊడవడానికి లోపలికి రావచ్చు, చదువు చెప్పడానికి రాకూడదు. ఇందులో ఉన్న వింత నాకప్పుడు తోచలేదు. తోచలేదంటే అబద్ధం. తోచినా ఊరుకున్నాను.

ఆమె పుస్తకం పట్టలేదు. తన కాలు చూపి ఫుట్ అనేది, రెండో కాలు ముందుకు జరిపి ఫీట్ అనేది. పన్ను చూపి టూత్, నవ్వి టీత్. మిస్సమ్మ పెంచిన బాతుల్లాంటి పక్షి ఒక్కటైతే గూస్, మందంతా గీస్. అది తన పిక్క పట్టుకున్న కథ కూడా చెప్పింది.

“గొర్రెలు సార్? ఒక్కటయినా షీపే, నూరయినా షీపే.”

“గిదేం భాష?” అని పుస్తకం విసిరికొట్టాను.

“మనది సీదగ ఉన్నదా సార్? ఇల్లు ఇండ్లయితలేదా? కన్ను కండ్లయితలేదా? దినాం వాడే చీపురే వంగుతది. మూలకు పెట్టింది సక్కగనే ఉంటది.”

నేను పుస్తకం తెచ్చుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు ఉర్దూలో ఒక్క పుస్తకం కితాబ్ కాస్తా, నాలుగు పుస్తకాలకు కుతుబ్ అయినప్పుడు నేనెవరినీ నిలదీయలేదు. ఇంగ్లీషులోనూ అంతే: మనిషి, పిల్ల, కాలు, పన్ను, ఎద్దు. నోట్లో రోజూ నలిగే మాటలే వంకర తిరుగుతాయని నాకు ఆ రోజు తెలిసింది. ఇరవై ఏళ్లు పంతులుగా ఉండి, చీపురు పట్టిన మనిషి చెబితే తెలిసింది.

వంకర మాట గుర్తు రాకపోతే తప్పించుకునే దారి కూడా చెప్పేది. “ఆక్స్‌కు ఆక్సెన్. యాదికి రాకుంటె పరేషాన్ కాకుండ్రి, బుల్లాక్స్ అని రాయుండ్రి. ఆక్సెన్ బైబిల్ల ఉంటయి సార్, బుల్లాక్స్ బండికి ఉంటయి. మిస్సమ్మ గూడ బుల్లాక్సే అనేది. చిల్డ్రన్ రాకుంటె లిటిల్ వన్స్. విమెన్ రాకుంటె లేడీస్. మేం కైకిలుకు, కూలికి పోయినా లేడీస్‌మే.”

మార్చిలో పరీక్ష రాశాను. పల్లెటూరి మీద వ్యాసం అడిగారు. ఆక్సెన్ గుర్తు రాలేదు, బుల్లాక్స్ అని రాశాను. పాసయ్యాను. ప్రేమమ్మకు చెబితే చీపురు పక్కన పడేసి రెండు చేతులతో దండం పెట్టింది. నాకు కాదు, పైకి.

జూలైలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఊరి పటేల్ రాయమల్లు, మరో నలుగురు పెద్దలు బడిలో కూర్చున్నారు. ప్రేమమ్మ ఉతికిన చీర కట్టుకుని, సర్టిఫికెట్ కొంగులో చుట్టుకుని కిటికీ అవతల నిలబడింది.

“రాజం, రెండుసార్లు తప్పినవు, ఈసారి అరవై మార్కులు. ఎవరు చెప్పారయ్యా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాట నాలుక చివరి దాకా వచ్చింది. పటేల్ నా వైపు చూస్తున్నాడు.

“నేనే చదువుకున్న సార్” అన్నాను.

“రెండో పంతులు పనికి ఇక్కడ ఎవరన్నా ఉన్నారా?”

“లేరు సార్.”

కిటికీ వైపు చూస్తే ప్రేమమ్మ అప్పటికే వెళ్లిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఇన్‌స్పెక్టర్ జీపు కదిలేదాకా నోరు విప్పలేదు. మర్నాడు ప్రేమమ్మ ఎప్పటిలాగే వచ్చి ఊడ్చింది. తిడితే బాగుండు అనిపించింది.

ఆరు నెలలు అలాగే గడిచాయి. రెండో పంతులు ఎవరూ రాలేదు. పక్క ఊరి పంతులు మొండయ్య కూడా రెండుసార్లు తప్పి నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, నువ్వెట్ల పాసయినవో నాకు గూడ చెప్పు, నీ కాళ్లు మొక్కుత.” నాకొచ్చింది చెప్పబోయాను, అరగంటలో నా వల్ల కాదని తేలిపోయింది. అతన్ని వెంటబెట్టుకుని వాకిట్లోకి వెళ్లాను.

“ప్రేమమ్మా, ఈయనకు జర చెప్పు.”

“చెప్త సార్. ముందు మీరు రాసియ్యుండ్రి.”

“ఏం రాయాలె?”

“మీకు ఎవరు చెప్పిండ్రో గది.”

లోపలికి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌కు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఆమె పేరు, ఆమె చదువు, జూలైలో నేనాడిన అబద్ధం, అన్నీ రాసి సంతకం పెట్టాను. ఆమె రెండుసార్లు చదివి నా చేతికే తిరిగిచ్చింది.

“ఇంగ్లీషుల రాస్తె పటేల్‌కు ఎట్ల తెలుస్తది సార్? మీరు భయపడ్డది ఇన్‌స్పెక్టర్‌కు కాదు గద.”

మొండయ్య నేల చూపులు చూశాడు. నేను చెప్పులు వేసుకుని పటేల్ ఇంటికి నడిచాను. ప్రేమమ్మ వెనక వచ్చి గేటు అవతల ఆగింది. అరుగు మీద నలుగురి మధ్య కూర్చున్న రాయమల్లు ముందు నిలబడి ఆ ఉత్తరాన్ని ఒక్కో వాక్యం తెలుగు చేసి చదివాను.

“అయితే మా పిలగాండ్లకు గూడ గామెనే చెప్తదా? లోపట కుర్చీల కూసోని?” అన్నాడు పటేల్.

నేను ఏడాదిగా భయపడ్డది ఈ ప్రశ్నకే.

“చెప్తది పటేలా” అన్నాను, గేటు దాకా వినపడేలా. “నాకంటె మంచిగ చెప్తది.”